పడవ ప్రమాదంలో మనవాళ్ళు పోయినప్పుడు నలుగురిలో ఏం మాట్లాడాలి, ఎట్లా మాట్లాడాలి?

అడిగిన ప్రశ్న, క్లుప్తంగా: మాది తిరుపతి జిల్లాలో ఒక పల్లె. పోయిన వారం పక్క ఊరి చెరువులో పడవ తిరగబడి మా మేనమామ కొడుకు, వాడి స్నేహితుడు చనిపోయారు. ముగ్గురు కుర్రాళ్ళు బతికారు. పడవ నడిపినాయన పక్క ఊరివాడే, ఆయనా బతికాడు. ఇప్పుడు తాగి ఎక్కారని ఒకరు, ఈత రాకుండా ఎందుకు ఎక్కాలని ఒకరు, పడవాయన్ని వదలకూడదని ఇంకొకరు. బతికిన పిల్లల మీదా నింద పడుతోంది. రెండు ఊళ్ళ మధ్య మాటామాటా పెరిగింది. దినం రోజు అందరూ ఒకచోట కలుస్తారు. గొడవ కాకుండా ఎట్లా? అసలు మాట్లాడాలా, నోరు మూసుకుని ఉండాలా?

సమాధానం:

తమ్ముడూ, ముందు మీ మామకు, అత్తకు నా సానుభూతి చెప్పు. వయసులో నాకంటే చాలా చిన్నవాడివని రాసిన తీరులోనే తెలుస్తోంది, అందుకే చనువుగా నువ్వు అంటున్నాను.

నేను అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైనవాడిని. పాత చిత్తూరు జిల్లాలో చాలా స్టేషన్లు తిరిగాను. ఫైరింజన్ అంటే మంటలకే అనుకుంటారు గానీ మమ్మల్ని నీళ్ళ కోసం కూడా పిలుస్తారు. బావులు, క్వారీ గుంతలు, వానలకు నిండిన చెరువులు, స్వర్ణముఖి పారేటప్పుడు కాజ్‌వేలు. మనిషిని బయటికి తీయడం వరకే మా డ్యూటీ. ఆ తర్వాత గట్టు మీద మొదలయ్యే మాటలకు మాకు సంబంధం లేదు, కానీ తాళ్ళు చుట్టుకుంటూ అవన్నీ వినేవాళ్ళం. ఆ విన్న అనుభవంతోనే రాస్తున్నాను.

నోరు మూసుకోవద్దు. ఎందుకు జరిగిందో అడగాల్సిందే. అడగకపోతే పడవ అట్లానే ఉంటుంది, చెరువు అట్లానే ఉంటుంది, వచ్చే సెలవుల్లో ఇంకో ఐదుగురు ఎక్కుతారు. అయితే ఆ అడగడం దినం రోజు పందిట్లో వద్దు. రెండోది, కళ్ళారా చూసినవాడు చూసింది చెప్పాలి, చూడనివాళ్ళు ప్రశ్న అడగాలి. చూడనివాళ్ళు తీర్పులు చెప్పడం మొదలుపెట్టినప్పుడే ఊళ్ళు తగలబడతాయి.

పోయినవాడి మీదకు తప్పు ఎందుకంత తొందరగా పోతుందో నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు. అది ద్వేషంతో అనే మాట కాదు, భయంతో అనేది. 'వాడు తాగాడు కాబట్టి పోయాడు' అనుకుంటే నేను తాగను కాబట్టి నాకేం కాదు. 'వాడికి ఈత రాదు' అనుకుంటే నా కొడుక్కి ఈత వచ్చు కాబట్టి నా కొడుక్కేం కాదు. అట్లా అన్నవాడికి ఆ రాత్రి నిద్ర పడుతుంది. పోయినవాడి తల్లికి మాత్రం ఉన్న నిద్ర కూడా పోతుంది. ఈ సంగతి తెలిసినవాడివి కాబట్టి, అట్లాంటి మాట అన్నవాడి మీద అరవాల్సిన పని లేదు. వాడూ భయపడుతున్నాడని గుర్తుపెట్టుకుని జవాబివ్వు.

'ఈత రాకుండా ఎందుకెక్కాలి' అనే మాట సంగతి చూద్దాం. బస్సెక్కేవాడికి డ్రైవింగ్ వచ్చి ఉండాలని ఎవరమూ అనం కదా. మన జిల్లాలోనే పులికాట్ సరస్సులో ఇరకం దీవి ఉంది. అక్కడివాళ్ళకు సరుకులకైనా ఆసుపత్రికైనా పడవే దారి. ముసలివాళ్ళు, చంటిబిడ్డల తల్లులు ఎక్కుతారు. వాళ్ళందరికీ ఈత పరీక్ష పెట్టి ఎక్కించరు. పడవ తిరగబడకుండా చూడడం పడవ నడిపేవాళ్ళ బాధ్యత, నడపడానికి అనుమతి ఇచ్చేవాళ్ళ బాధ్యత.

ఇంకో సంగతి. పడవ తిరగబడినప్పుడు ఈత ఎంతవరకు పనికొస్తుందో గట్టు మీద నిలబడి మాట్లాడేవాళ్ళకు తెలియదు. చిన్న పడవ బోల్తా కొట్టడానికి పెద్ద గాలి అక్కర్లేదు. అడుగున నాలుగు బకెట్ల నీళ్ళు చేరి ఉంటాయి. పడవ కొంచెం ఒరిగితే ఆ నీళ్ళన్నీ ఒరిగిన పక్కకే పారతాయి, ఆ బరువుకు ఇంకా ఒరుగుతుంది. ఒకడు లేచి నిలబడతాడు, బరువు పైకి పోతుంది. ఫోటో కోసం ఇద్దరు ఇటు పక్కకు జరుగుతారు. పడవ అంచు నీటి మట్టాన్ని తాకిందంటే ఇంక ఆగదు, క్షణాల్లో అయిపోతుంది. అప్పుడు లోపల కూర్చున్నవాడి మీదే పడవ బోర్లా పడుతుంది. కింద చీకటి, బురద నీళ్ళు, ఏ పక్క పైనో ఏ పక్క కిందో తెలియదు. జీన్స్ ప్యాంటు నీళ్ళు పీల్చి కాళ్ళను పట్టేస్తుంది. పక్కవాడు ప్రాణభయంతో మెడ పట్టుకుంటాడు. చెరువు అడుగున పాత వలలు ఉంటాయి, తుమ్మకంప ఉంటుంది. మన చెరువుల్లో ఒండ్రు ఎంత ఉంటుందో నీకు తెలుసు. నడుము లోతు నీళ్ళలో కూడా కాళ్ళు దిగబడి లేవలేని మనుషులను మేం తీశాం. బాగా ఈత వచ్చినవాళ్ళనూ తీశాం.

లైఫ్ జాకెట్ వేసుకోలేదన్న మాట కూడా అంతే. వేసుకుని ఉంటే బతికేవాళ్ళేమో, కాదనను. కానీ అసలు పడవలో ఎన్ని జాకెట్లు ఉన్నాయి? అందరికీ సరిపోయినన్ని ఉన్నాయా? వాటికి బకిల్స్ ఉన్నాయా, తాడుతో ముడేశారా? పట్టీలు బిగించకుండా భుజాలకు తగిలించుకుంటే నీళ్ళలో పడగానే జాకెట్ తల మీదుగా పైకి పోతుంది, మనిషి కిందికి పోతాడు. 'వేసుకోలేదు' అనడానికీ 'ఇవ్వలేదు' అనడానికీ చాలా తేడా ఉంది. ఆ తేడా రేపు కేసులో పెద్ద విషయం అవుతుంది. ఇవన్నీ బతికిన ముగ్గురు మాత్రమే చెప్పగలరు. అందుకే వాళ్ళను కాపాడుకోవాలి. వాళ్ళ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను.

బతికిన పిల్లల మీద నింద పడుతోందని నువ్వు ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఆ ముక్కే.

ఒకసారి ఒక పెద్దాసుపత్రి మార్చురీ బయట నిలబడి ఉన్నాం, కాగితాల మీద సంతకాల కోసం. కుంటలో నలుగురు దిగితే ఒకడు తేలలేదు. మిగిలిన ముగ్గురిలో ఒక పిల్లవాడు వేపచెట్టు కింద కూర్చున్నాడు. ఒంటి మీద తడి చొక్కా ఆరి బురద చారలు కట్టింది, ఒక కాలికే చెప్పు ఉంది. చుట్టాల్లో ఒక పెద్దాయన వచ్చి 'నువ్వెట్ట వచ్చినావురా, వాణ్ణి ఆడ వదిలేసి?' అని అడిగాడు. పిల్లవాడు పలకలేదు. మణికట్టు మీద ఎండిన మట్టిని గోరుతో గీకుతూనే ఉన్నాడు. ఆయన మళ్ళీ అడిగాడు, ఈసారి గట్టిగా. అప్పుడు చనిపోయిన అబ్బాయి అవ్వ లేచి వచ్చింది. ఎవరో తెచ్చిచ్చిన టీ గ్లాసు ఆ పిల్లవాడి చేతిలో పెట్టి 'తాగు నాయనా' అంది. పెద్దాయన వైపు తిరిగి 'నువ్వు ఉణ్ణింటే దూకుంటివా?' అంది. ఆయన అక్కడినుంచి పోయి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆ అవ్వకు ఎవరూ నేర్పలేదు ఆ మాట.

'పక్కనే ఉన్నారు కదా, ఒక్క కేకైనా వినపడలేదా' అని బతికినవాళ్ళను అడుగుతారు. వినపడదు. మునిగిపోయేవాడు సినిమాల్లోలాగా చేతులు ఊపి అరవడు. అరవాలంటే ముందు ఊపిరి అందాలి, వాడికి అదే అందదు. నోరు నీటి మట్టానికి పైకీ కిందికీ పోతూ ఉంటుంది. చేతులు రెండు పక్కలకూ చాచి నీళ్ళను కిందికి నొక్కుతూ ఉంటాడు, ఊపి పిలిచే శక్తి ఆ చేతులకు ఉండదు. తల వెనక్కి వాలుతుంది. దూరం నుంచి చూస్తే నీళ్ళలో నిలబడి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. అదంతా ఇరవై సెకన్ల నుంచి ఒక నిమిషం లోపల. ఆ నిమిషంలో పక్కవాడు తన ఊపిరి కోసం తాను కొట్టుకుంటూ ఉంటాడు. మేం ట్రైనింగ్‌లో నేర్చుకున్న మొదటి పాఠం కూడా నీళ్ళలో దూకొద్దనే. కర్ర అందించు, తాడు విసురు, మూత బిగించిన ఖాళీ క్యాను విసురు. మునిగేవాడు కాపాడేవాడిని పట్టుకుని తనతో కిందికి తీసుకుపోతాడు. ఒకరి కోసం దూకి ఇద్దరు ముగ్గురు పోయిన కేసులు ఎన్నో.

తమిళనాడులో పెరంబలూరు దగ్గర కొట్టరై ఆనకట్టలో 2020 ఆగస్టులో నలుగురు కుర్రాళ్ళు మునిగిపోతుంటే అక్కడ బట్టలు ఉతుక్కుంటున్న ముగ్గురు ఆడవాళ్ళు ఒంటి మీది చీరలు విప్పి విసిరారు. ఇద్దరిని లాగగలిగారు, ఇద్దరు పోయారు. దేశమంతా ఆ తల్లులకు దండం పెట్టింది. మిగతా ఇద్దరిని ఎందుకు వదిలేశారని వాళ్ళను అడగడానికి ఎవరికైనా నోరు వస్తుందా? మరి మీ ఊరి ముగ్గురు పిల్లలను అడగడానికి ఎట్లా వస్తోంది?

కాబట్టి నువ్వు చేయగలిగిన మొదటి పని, ఆ ముగ్గురి ఇళ్ళకు ఈ రోజే వెళ్ళు. కుదిరితే మీ మామను తీసుకుని వెళ్ళు. చచ్చిపోయినవాడి తండ్రి వచ్చి భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడంటే ఆ నింద సగం అక్కడే చచ్చిపోతుంది. మామ వచ్చే స్థితిలో లేకపోతే బలవంతం వద్దు. ఆ పిల్లల్లో ఎవరైనా తిండి మానేసినా, రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నా, నేనే పోయి ఉంటే బాగుండేదని అంటున్నా, దాన్ని మామూలు బాధ అనుకుని వదిలేయొద్దు. టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, డబ్బులేమీ అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ నంబరు రాసివ్వు, పిల్లవాడిని ఒంటరిగా వదలొద్దని చెప్పు.

తాగి ఎక్కారన్న మాట దగ్గరికి వస్తాను. ఇది మర్యాద విషయం మాత్రమే అనుకోవద్దు, డబ్బు విషయం కూడా. నిజమో కాదో పోస్టుమార్టం చేసిన డాక్టరు, ల్యాబు రిపోర్టు చెప్పాలి. అవసరమనుకుంటే విసెరా (అంటే కడుపు లోపలి అవయవాల ముక్కలు), రక్తం తీసి ఫోరెన్సిక్ ల్యాబుకు పంపుతారు, రిపోర్టు రావడానికి టైం పడుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. శరీరం ఒకటి రెండు రోజులు నీళ్ళలో ఉండి కుళ్ళడం మొదలైతే తాగనివాడి ఒంట్లో కూడా కొంత ఆల్కహాలు తయారవుతుంది. అందుకే ఆ అంకెను చూసి అర్థం చెప్పాల్సింది డాక్టరే, టీ బంకు దగ్గర కూర్చున్నవాళ్ళు కాదు.

ఈ లోపల ఊరంతా తాగాడు తాగాడు అని అంటుంటే ఏమవుతుంది? అనుమానాస్పద మరణానికి పోలీసులు శవ పంచనామా చేసేటప్పుడు చుట్టుపక్కల పెద్దమనుషులు కనీసం ఇద్దరు ఉండాలి. వాళ్ళు చెప్పింది కాగితం మీదకు వస్తుంది. తర్వాత వచ్చే సాక్షుల వాంగ్మూలాలూ అంతే. ప్రమాద బీమా పాలసీల్లో చాలావాటిలో మద్యం మత్తులో జరిగిన ప్రమాదానికి డబ్బు ఇవ్వమనే షరతు ఉంటుంది. బీమా కంపెనీ మనిషి ఎంక్వయిరీకి మీ ఊరికే వస్తాడు, బంకు దగ్గరే టీ తాగుతాడు. చూడకుండా అన్న ఒక మాట ఒక తల్లికి రావాల్సిన లక్షలకు అడ్డం పడుతుంది. ఇది చెప్పు వాళ్ళకు. నీతులు చెప్తే వినని మనిషి కూడా ఇది చెప్తే ఆగుతాడు, నేను చూశాను.

నిజంగానే తాగి ఉంటే? ఉండొచ్చు. అప్పుడు కూడా అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలే ఉంటుంది. తాగిన మనుషులను పడవలోకి ఎవరు ఎక్కించారు?

పడవాయన సంగతి కొంచెం కష్టం. ఇక్కడ మీవాళ్ళ కోపానికి కారణం ఉంది, దాన్ని చల్లార్చమని నేను చెప్పను. పడవ ఆయన చేతిలో ఉంది, ఎంతమందిని ఎక్కించాలనేది ఆయన నిర్ణయం. తప్పుంటే చట్టం ఉంది. నిర్లక్ష్యంతో మనిషి చావుకు కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, అయిదేళ్ళ వరకు జైలు. కిరాయి తీసుకుని పాడైపోయిన పడవలోనో మోయలేనంత బరువుతోనో మనుషులను నీటి మీద తీసుకుపోతే 284వ సెక్షన్. ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం 2021లో కొత్తగా వచ్చింది, 1917 నాటి పాత చట్టం పోయింది. దాని ప్రకారం ఇంజిన్ ఉన్న పడవకు సర్వే సర్టిఫికెట్ (పడవను తనిఖీ చేసి ఇచ్చే కాగితం), రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంజిన్ లేని పడవలను కూడా స్థానికంగా నమోదు చేసే ఏర్పాటు అందులో ఉంది. మీరు అడగాల్సినవి ఇవి. పడవకు కాగితాలు ఉన్నాయా? ఎంతమందికి అనుమతి, ఎక్కింది ఎంతమంది? ఎవరి పడవ, నడిపింది యజమానేనా కూలివాడా? చెరువులో కిరాయికి తిప్పుకోమని ఎవరు ఒప్పుకున్నారు? చూశావు కదా, ఈ ప్రశ్నలకు జవాబులు ఒక్క మనిషి దగ్గర ఆగవు. చాలాసార్లు తెడ్డు పట్టుకున్నవాడు అందరికంటే పేదవాడు, దొరికేది వాడొక్కడే.

పెద్ద ప్రమాదాలను చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 2009 సెప్టెంబరు 30న కేరళ తేక్కడిలో పర్యాటకుల పడవ మునిగి 45 మంది పోయారు. జంతువులను చూడడానికి అందరూ ఒకే పక్కకు జరిగారు, అందుకే మునిగిందని మొదట అందరూ అన్నారు. జరగడం నిజమే. కానీ జనం పక్కకు జరిగితే తిరగబడే పడవను నీళ్ళలోకి ఎట్లా వదిలారన్న ప్రశ్న తర్వాత వచ్చింది, పడవ నిర్మాణం మీదికీ ఎక్కించిన జనం మీదికీ పోయింది. 2023 మే 7న అదే కేరళలో తానూరులో 22 మంది పోయారు. అది చేపల పడవను మార్చి చేసిన టూరిస్టు బోటు, పట్టనంత మందిని ఎక్కించుకుని చీకటి పడ్డాక నడిపారు. మన పులికాట్‌లోనే తమిళనాడు వైపు 2011 క్రిస్మస్ రోజు విహారానికి వచ్చిన కుటుంబాల పడవ తిరగబడి 22 మంది పోయారు. ఇన్ని చోట్ల పోయినవాళ్ళందరూ మూర్ఖులా? సెలవు రోజున పిల్లలతో బయటికి వచ్చిన మామూలు మనుషులు.

కచ్చులూరు నీకు గుర్తుండే ఉంటుంది. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో 77 మందితో వెళ్ళిన బోటు మునిగింది, అందులో మన తిరుపతి వాళ్ళూ ఉన్నారు. 26 మంది బతికారు. వాళ్ళను కాపాడింది ముందు ఆ ఒడ్డు ఊళ్ళవాళ్ళే, తమ చిన్న పడవలు వేసుకుని వెళ్ళి. ఆ బోటును అక్టోబరు 22న గానీ, మునిగిన పడవలను తీసే ధర్మాడి సత్యం బృందం బయటికి తీయలేకపోయింది. అన్ని రోజులు శవం కోసం ఎదురుచూసిన కుటుంబాలకు బయట మనుషులు అన్న ప్రతి మాటా వినపడుతూనే ఉండి ఉంటుంది. ఆ ప్రమాదం తర్వాతే రాష్ట్రంలో బోట్ల కోసం తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు పెట్టారు. 'వరదలో టూరు ఎందుకు పోవాలి' అని ప్రయాణికులను తిట్టడం దగ్గరే అందరూ ఆగిపోయి ఉంటే అవి వచ్చేవి కావు, 'వరదలో బోటును ఎవరు వదిలారు' అని అడిగినవాళ్ళ వల్ల వచ్చాయి.

మీ పక్క ఊరివాళ్ళకు కూడా ఒక మాట రాయాలనిపిస్తోంది. వాళ్ళలో ఎవరైనా చదివితే చదవనీ. పడవాయన మీవాడని వెనకేసుకొస్తూ 'పిల్లలే ఊపారు, చెప్పినా వినలేదు' అని ఊరంతా ఒకే పాట పాడొద్దు. ఆయన ఒక్కడు చూసింది ఆయనే పోలీసులకు చెప్తాడు. ఆయన నీళ్ళలో దిగి ఎవరినైనా పట్టుకుని ఒడ్డుకు తెచ్చి ఉంటే అదీ చెప్పాలి, అది కూడా నిజంలో భాగమే.

వీడియోల గురించి రెండు ముక్కలు చాలు. శవాన్ని తీస్తున్నప్పటి వీడియో మీవాళ్ళ ఫోన్లలో ఉంటే తీసేయమను. పోలీసులకు పనికొస్తుందనుకుంటే స్టేషన్‌లో ఇచ్చి తీసేయమను. తల్లి చేతికి ఏదో ఒక రోజు ఆ ఫోన్ వస్తుంది. పుకారు ఎంత దూరం పోతుందో 2021 నవంబరు వానల్లో తిరుపతి దగ్గర రాయలచెరువులో మనం చూశాం. కట్టకు గండి పడే ప్రమాదం నిజంగానే ఉంది, కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. కానీ తెగకముందే తెగిపోయిందని ఎంతమంది ఎంతమందికి చెప్పారో లెక్క లేదు. చివరికి కట్ట నిలిచింది.

దినం రోజు ఏం చేయాలో ఇప్పుడు చెప్తాను. గొడవ వచ్చేది కర్మ జరిగేటప్పుడు కాదు, భోజనాలయ్యాక, మగవాళ్ళు షామియానా కింద కుర్చీలు దగ్గరికి లాక్కున్నప్పుడు. కాబట్టి ముందు రోజే మీ వైపు మాట చెల్లే ఒక మనిషిని, వాళ్ళ వైపు ఒక మనిషిని కూర్చోబెట్టు. ఇద్దరూ చావు ఇంటికి మరీ దగ్గరివాళ్ళు కాకుండా ఉంటే మేలు. వాళ్ళిద్దరూ ఒప్పుకోవాల్సింది ఒక్కటే, పందిట్లో ప్రమాదం ఊసు ఎవరూ ఎత్తరు, దానికి వేరే రోజు, వేరే చోటు ఉంది. పంచాయతీ ఆఫీసులోనో బడిలోనో పెట్టుకోండి, ఆ రోజు, టైము అప్పుడే ఖాయం చేయండి. రోజు ఖాయమైతే 'ఇప్పుడు కాకపోతే ఎప్పుడు అడగాలి' అనేవాడికి జవాబు ఉంటుంది. ఇది చాలా ముఖ్యం. వేరే రోజు లేకుండా ఊరికే 'ఇప్పుడొద్దు' అంటే, నోరు నొక్కుతున్నారని మీవాళ్ళకు కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమే.

పడవాయన ఇంటివాళ్ళు దినానికి రావాలా అంటే, మీ అత్తను అడుగు. ఆమె సరేనంటే రానీ. వద్దంటే వద్దు, దానికి కారణం ఆమెను ఎవరూ అడగకూడదు. వచ్చేటట్టయితే ఇద్దరు ముగ్గురు రావాలి, దండం పెట్టుకుని పోవాలి, ఊరు కదిలి రాకూడదు.

అయినా ఎవరో ఒకరు మొదలుపెడతారు. ఒక మామ వయసాయన కుర్చీలో వెనక్కి వాలి 'ఎంతైనా మనోడిదీ తప్పుండాది' అంటాడు. వాదించకు. 'మామా, నువ్వు ఆడ ఉన్నావా?' అని మెల్లగా అడుగు. లేనంటాడు. 'ఉన్నోళ్ళు శనివారం పంచాయతీ ఆఫీసులో చెప్తారు, నువ్వూ రా మామా' అను. అంతే, లేచి పో, నీళ్ళ గ్లాసులు తీసే పనో ఇంకోటో పెట్టుకో. ఎదుటివాడు లేకుండా ఎక్కువసేపు వాదించేవాడిని నేనింతవరకు చూడలేదు. ఇంకొకడు కోపంతో 'ఆ పడవోడి ఇల్లు కూల్చాల' అంటాడు, వాడు సాధారణంగా చనిపోయిన పిల్లవాడి ఈడువాడే అయి ఉంటాడు. వాడితో తర్కం మాట్లాడకు. బండెక్కించుకుని కాసేపు బయటికి తీసుకుపో. ఏడవాల్సినవాడు అరుస్తున్నాడని అర్థం.

ఆ తర్వాతి కూర్చోవడంలో బతికిన ముగ్గురినీ అందరి ముందు నిలబెట్టి అడగొద్దు. వాళ్ళు ముందే పోలీసులకు చెప్పి ఉంటారు, అదే చాలు. అక్కడ మాట్లాడాల్సింది ఇక మీదట సంగతి. ఆ చెరువులో పడవ తిప్పాలా వద్దా, తిప్పితే ఎంతమంది, ఆ అంకె పడవ పక్కన పెద్ద అక్షరాలతో రాసి ఉండాలా, పట్టీలు సరిగా ఉన్న జాకెట్లు లేకపోతే కదలనివ్వకూడదా, గట్టు మీద ఒక పొడుగాటి తాడు, రెండు ఖాళీ క్యాన్లు ఎప్పుడూ ఉంచాలా. రెండు ఊళ్ళూ కలిసి సంతకాలు పెట్టి తహసీల్దారుకు ఇవ్వండి. రెండు ఊళ్ళ సంతకాలున్న అర్జీని పక్కన పడేయడం ఆఫీసుల్లో కష్టం.

ఇంకా కాగితాల పని, దీన్ని నువ్వే నెత్తిన వేసుకో, మీ మామ చేత కాదు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకు ఉచితంగా ఇవ్వాలి, తీసుకో. పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు కాపీలు, మరణ ధ్రువపత్రం కావాలి. అబ్బాయి బ్యాంకు పాసుపుస్తకం ఎంట్రీలు వేయించి చూడు. మే, జూన్ నెలల్లో 20 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రమాదంలో పోతే 2 లక్షలు. 436 రూపాయలు కట్ అయి ఉంటే జీవన్ జ్యోతి, అదీ 2 లక్షలు, రెండూ ఉంటే రెండూ అడగొచ్చు. రూపే ఏటీఎం కార్డుకు కూడా ప్రమాద బీమా ఉండొచ్చు, కార్డు ఈ మధ్య వాడి ఉండాలనే షరతు ఉంటుంది, బ్యాంకులో అడుగు. స్నేహితుడి ఇంట్లో కూడా ఇదే చూడమని చెప్పు, ఆ ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేకపోతే నువ్వే వెళ్ళి చూడు. నెల లోపల క్లెయిమ్ ఇస్తే చిక్కులు తక్కువ. బ్యాంకువాళ్ళు ఏ కాగితమైనా సరిపోదని వెనక్కి పంపితే, ఏం అడిగారో ఇక్కడ రాయి, ఎవరి దగ్గర దొరుకుతుందో చెప్తాను.